ట్యూషన్‌లో అన్ని సబ్జెక్టులకూ పరీక్ష జవాబులు రాయించడం ఎలా: పదో తరగతి పిల్లలకు చెప్పేవాళ్ళ కోసం

ఇంటి దగ్గర ట్యూషన్ పెట్టుకున్నవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే. "పిల్లలకి చెబుతుంటే అన్నీ అర్థమవుతున్నాయి, అడిగితే చెబుతున్నారు, పేపర్ మీద మాత్రం మార్కులు రావట్లేదు, ఏం చెయ్యాలి?" అని. ఇంకొందరు, తాము చదివింది ఎమ్మెస్సీ మ్యాథ్స్ అయినా పిల్లాడి అమ్మగారు "అన్ని సబ్జెక్టులూ మీరే చూసుకోండి సార్" అని అప్పజెప్పేస్తే సోషల్, తెలుగు ఎలా చెప్పాలో తెలియక అడుగుతారు.

జవాబు చెప్పడం వేరు, జవాబు రాయించడం వేరు. ట్యూషన్ టైములో సగం కంటే ఎక్కువ రెండోదానికి పోవాలి. కింద రాసిందంతా ఆ రెండో పని గురించే.

1. మొదటి రోజు పుస్తకం తెరవద్దు, పాత పేపర్లు తెప్పించండి

స్కూల్లో దిద్ది ఇచ్చిన పరీక్ష పేపర్లు ఎన్ని దొరికితే అన్ని తెమ్మనండి. పోయాయంటే మీరే ఒక చిన్న పేపర్ పెట్టి అక్కడే కూర్చోబెట్టి రాయించండి.

మార్కులు చూడొద్దు, మార్కులు ఎక్కడ పోయాయో చూడండి. ప్రతి తప్పు పక్కనా ఈ నాలుగింటిలో ఒకటి రాసుకోండి:

- తెలియదు (పాఠమే రాదు)
- తెలుసు, ప్రశ్న సరిగ్గా చదవలేదు
- తెలుసు, రాయడం రాలేదు
- తెలుసు, టైము చాలలేదు

"మావాడికి సైన్స్ అస్సలు రాదు" అని తల్లిదండ్రులు చెప్పిన పిల్లల్లో చాలామందికి నిజానికి రెండోదీ మూడోదీ ఎక్కువ ఉంటాయి. పాఠం రాని పిల్లాడికి చేసే వైద్యం వేరు, రాయడం రాని పిల్లాడికి చేసేది వేరు. ఇది తేల్చకుండా మొదటి పాఠం నుంచి మళ్ళీ మొదలుపెడితే జనవరి వచ్చేసరికి ఇద్దరూ అలసిపోతారు.

2. పేపర్ నమూనా గోడకి అతికించండి, టైము లెక్క కట్టండి

ఆంధ్రప్రదేశ్ పదో తరగతి లెక్కల పేపర్ 100 మార్కులకి ఉంటుంది: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. మొత్తం 33 ప్రశ్నలు. టైము మూడు గంటల పావు, అందులో పావుగంట ప్రశ్నపత్రం చదువుకోవడానికి. తెలంగాణలో కొన్నేళ్లుగా రాతపరీక్ష 80 మార్కులకి, మిగతా 20 ఇంటర్నల్స్‌కి. ఇవి మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది బోర్డు ఇచ్చిన మోడల్ పేపర్ చూశాకే లెక్క కట్టండి, పోయినేడాది గైడ్ చూసి కాదు.

ఆంధ్ర పేపర్‌కి నేను వేయించే లెక్క ఇది:

- ఎనిమిది మార్కులది ఒక్కోటి 15 నిమిషాలు: 75
- నాలుగు మార్కులది ఒక్కోటి 7 నిమిషాలు: 56
- రెండు మార్కులది ఒక్కోటి 3 నిమిషాలు: 24
- ఒక మార్కువి నిమిషం చొప్పున: 12

మొత్తం 167 నిమిషాలు. మూడు గంటల్లో మిగిలేది 13 నిమిషాలే. ఈ లెక్క పిల్లలతోనే బోర్డు మీద వేయించండి. రెండు మార్కుల ప్రశ్నకి పేజీన్నర రాసే అమ్మాయికి నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు కానీ, ఆ 13 చూశాక తనే "అయితే నేను చివరి ఎనిమిది మార్కులది వదిలేస్తున్నట్టే కదా సార్" అంది.

3. ప్రశ్నలో చివరి మాట కింద గీత గీయించండి

తెలుగు ప్రశ్నలో ఏం చెయ్యాలో సాధారణంగా చివర్లో ఉంటుంది: వివరించండి, కారణాలు రాయండి, భేదాలు తెలపండి, నిరూపించండి, పటం గీసి భాగాలు గుర్తించండి. పిల్లలు మొదటి రెండు మాటలు చూడగానే "ఆ, ఇది నాకొచ్చు" అని మొదలుపెట్టేస్తారు. గంగా మైదానం అన్న మాట కనిపిస్తే చాలు, దాని గురించి తెలిసిందంతా కక్కేస్తారు, అడిగింది "అక్కడ జనసాంద్రత ఎందుకు ఎక్కువ" అయినా సరే.

రోజూ పది నిమిషాలు ఈ ఆట ఆడించండి. పది ప్రశ్నలు ఇవ్వండి, జవాబు రాయొద్దు, ఒక్కోదాని పక్కన మూడే రాయమనండి: ఏం చెయ్యమన్నాడు, ఎన్ని పాయింట్లు కావాలి, బొమ్మ లేదా పట్టిక కావాలా. రెండు వారాల్లో తేడా తెలుస్తుంది.

4. ఒక్క జవాబు నేర్పే వరస

ఈ వరస మార్చకండి. ఏ సబ్జెక్టుకైనా ఇదే.

1. ప్రశ్న చదివించి, పుస్తకం మూయించి నోటితో చెప్పమనండి. తప్పులొచ్చినా మధ్యలో ఆపొద్దు.
2. చెప్పినవాటిలోంచి నాలుగైదు పాయింట్లు, ఒక్కోటి మూడు మాటలకి మించకుండా, వాడి చేతే రాయించండి.
3. ఇప్పుడు పాఠ్యపుస్తకం తెరిచి ఏ పాయింటు తప్పిందో వాడినే వెతకమనండి.
4. పుస్తకం మూసి, టైము పెట్టి, పూర్తి జవాబు రాయించండి.
5. పక్కన కూర్చుని దిద్దండి.
6. రెండ్రోజుల తర్వాత అదే జవాబు చెప్పాపెట్టకుండా మళ్ళీ అడగండి.

ఎక్కువమంది చేసే తప్పు మొదటి అడుగులోనే మనం నోరు తెరవడం. పిల్లాడు నాలుగు సెకన్లు మౌనంగా ఉంటే మనకి ఆగదు, అందించేస్తాం. నేను కొత్తలో నోట్సు డిక్టేట్ చేసేవాణ్ణి. నలభై పేజీల అందమైన నోట్సు, గుండ్రటి అక్షరాలు, తల్లిదండ్రులు చూసి మురిసిపోయారు. పరీక్షలో అదే పాఠం నుంచి ప్రశ్న కాస్త తిప్పి అడిగితే ఆ బ్యాచ్‌లో ఒక్కరూ సరిగ్గా రాయలేదు. ఆ నోట్సు నాది, వాళ్ళది కాదు.

ఫోన్ సంగతి కూడా ఇక్కడే. ప్రశ్న ఫోటో తీస్తే జవాబు వచ్చే యాప్‌లు పిల్లలందరికీ తెలుసు. వద్దంటే దొంగచాటుగా చూస్తారు. నేనైతే మూడో అడుగు అయ్యాక చూడనిస్తాను, ఒక షరతు మీద: ఫోన్ ఇచ్చిన జవాబులో మన పాఠ్యపుస్తకంలో లేనిదేదో, మన సిలబస్‌కి ఎక్కువైందేదో గుర్తించి చెప్పాలి. ఆ పని పెట్టాక ఫోన్ మీద మోజు కొంచెం తగ్గుతుంది.

5. లెక్కలు: అడుగులకి మార్కులుంటాయి

లెక్కల్లో చివరి సమాధానం తప్పినా సూత్రానికి, ప్రతిక్షేపణకి మార్కులు వేస్తారు. మనసులో చేసేసి సమాధానం ఒక్కటే రాసే తెలివైన పిల్లలు ఇక్కడే నష్టపోతారు. వాళ్ళని ప్రతి అడుగూ కాగితం మీద పెట్టమని వేధించాల్సిందే.

అంకశ్రేఢిలో తరచూ కనిపించే తప్పు చూడండి. 3, 8, 13... పదో పదం ఎంత? పిల్లాడు పదాంతరం 5 కదా అని పది ఐదులు యాభై, మూడు కలిపితే 53 అంటాడు. సూత్రం మళ్ళీ చెప్పకండి. పది పదాలూ వరసగా రాయమనండి: 3, 8, 13, 18, 23, 28, 33, 38, 43, 48. ఇప్పుడు మధ్యలో గెంతులు లెక్కపెట్టమనండి. తొమ్మిదే వస్తాయి. పది స్తంభాల మధ్య తొమ్మిది ఖాళీలే ఉన్నట్టు. ఇక ఆ తప్పు మళ్ళీ చెయ్యడు, సూత్రం మర్చిపోయినా తిరిగి కట్టుకోగలడు.

త్రికోణమితిలో ఎత్తులు-దూరాలు అంటే బొమ్మే సగం జవాబు. ఊర్ధ్వకోణం బాగానే వేస్తారు. నిమ్నకోణం దగ్గరే తేడా వస్తుంది: మేడ మీంచి కిందికి చూస్తున్నాం కదా అని కోణాన్ని గోడకీ చూపుకీ మధ్య పెట్టేస్తారు. పైన కంటి దగ్గర ముందు ఒక అడ్డగీత చుక్కలతో వేయించండి, ఆ అడ్డగీత నుంచి కిందికే కోణం. చుక్కల గీత లేని బొమ్మ చూస్తే నేను మిగతా లెక్క చదవను కూడా చదవను, తిప్పి ఇచ్చేస్తాను.

సిద్ధాంతాలకి దత్తాంశం (ఇచ్చింది), సారాంశం (నిరూపించాల్సింది), నిర్మాణం, ఉపపత్తి అని నాలుగు శీర్షికలు విడివిడిగా పెట్టించండి. ప్రతి అడుగు పక్కనా కారణం ఉండాలి. చివర్లో చూసుకోవాల్సినవి:

- సూత్రం విడిగా ఒక వరసలో ఉందా
- ప్రమాణం రాశామా (మీటర్లు, చదరపు సెంటీమీటర్లు)
- ప్రశ్న నంబరు మార్జిన్‌లో సరిగ్గా పడిందా
- రఫ్ వర్క్ అదే పేజీలో ఓ పక్కన ఉందా

6. భౌతికశాస్త్రం: లెక్క కంటే ముందు బొమ్మ

పుటాకార దర్పణం, నాభ్యంతరం 10 సెంటీమీటర్లు, వస్తువు 30 సెంటీమీటర్ల దూరంలో. ప్రతిబింబం ఎక్కడ? మైనస్ గుర్తులు మర్చిపోయిన పిల్లాడికీ 15 అనే వస్తుంది. అంకె కరెక్టే అనుకుని "అద్దం వెనక 15 సెంటీమీటర్ల దూరంలో" అని రాసేస్తాడు. అసలు జవాబు మైనస్ 15, అంటే అద్దం ముందు.

అందుకే లెక్క మొదలుపెట్టకముందే కిరణచిత్రం వేయించండి. వక్రతా కేంద్రం 20 దగ్గర, వస్తువు దానికి అవతల. కాబట్టి ప్రతిబింబం నాభికీ వక్రతా కేంద్రానికీ మధ్య, 10కీ 20కీ మధ్య, తలకిందులుగా, చిన్నదిగా రావాలి. ఇప్పుడు లెక్కలో వచ్చింది బొమ్మతో సరిపోతుందో లేదో వాడికే తెలిసిపోతుంది. కిరణాల మీద బాణం గుర్తులు లేకపోతే మార్కు తగ్గుతుంది, అది రోజూ గుర్తు చెయ్యాల్సిందే.

రసాయనశాస్త్రంలో సమీకరణం తుల్యం చేశాక రెండు వైపులా పరమాణువులు లెక్కపెట్టి పెన్సిల్‌తో కింద అంకెలు వేసుకోవడం అలవాటు చేస్తే చాలు.

7. జీవశాస్త్రం: పటాలు

గుండె నిలువుకోత వేయమంటే చాలామంది బొమ్మ చక్కగా వేసి, పేజీకి కుడివైపున ఉన్న గదికి "కుడి జఠరిక" అని రాస్తారు. బొమ్మలో ఉన్నది ఎదురుగా నిలబడ్డ మనిషి గుండె. వాడి ఎడమ మనకి కుడివైపు పడుతుంది. ఈ తప్పు ఒకసారి నేనే బోర్డు మీద చేశాను, ఇరవై రోజుల తర్వాత ఒక పిల్లాడి నోట్‌బుక్‌లో చూసుకుని సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఇద్దరు పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టి ఎడమ చెయ్యి ఎత్తమంటాను. ఇంకో గుర్తు: ఎడమ జఠరిక గోడ మందంగా ఉంటుంది, ఒళ్ళంతటికీ రక్తం పంపేది అదే కాబట్టి. మందం గోడ పక్కన "ఎడమ" అని ఉందో లేదో చూసుకుంటే సరిపోతుంది.

పటం పెన్సిల్‌తోనే, షేడింగ్ లేకుండా. భాగాల పేర్లు వీలైనంతవరకు కుడివైపున ఒకే వరసలో, గీతలు స్కేలుతో, ఒకదాన్నొకటి దాటకుండా. నెఫ్రాన్, మెదడు, పత్రరంధ్రం, పుష్పం, గుండె: వారానికి ఒక్కోదాన్ని ఆరు నిమిషాల్లో వేసే స్థాయికి తీసుకురండి. పేరు రాయని అందమైన బొమ్మ కంటే పేర్లున్న మామూలు బొమ్మ మేలు.

8. సోషల్: పేరాలు వద్దు, పాయింట్లు

హిమాలయ నదులకీ ద్వీపకల్ప నదులకీ భేదాలు అంటే పిల్లలు ముందు ఒకదాని గురించి పేరా, తర్వాత రెండోదాని గురించి పేరా రాస్తారు. అది భేదం చూపినట్టు కాదు. పట్టిక గీయించి ఎడమ పక్కన అంశం రాయించండి: పుట్టిన చోటు, నీటి ఆధారం, ఏడాదిలో ప్రవాహం, ఉదాహరణలు. అప్పుడు "మంచు కరిగిన నీరు, వర్షం" ఎదురుగా "ఎక్కువగా వర్షమే" అని, "జీవనదులు" ఎదురుగా "వేసవిలో బాగా తగ్గుతాయి" అని వరసకి వరస పడుతుంది. అంశం పడని వరస కొట్టేయండి.

మ్యాప్ దగ్గర మార్కులు ఊరికే పోగొట్టుకుంటారు. నది గీత, ఊరు చుక్క, రాష్ట్రం అయితే సరిహద్దు లోపల పేరు. తూర్పుకి పారే నదుల్ని ఉత్తరం నుంచి దక్షిణానికి పాటలాగా చెప్పించండి: మహానది, గోదావరి, కృష్ణ, పెన్నా, కావేరి. పడమటికి నర్మద పైన, తపతి కింద. ఖాళీ మ్యాపులు తెచ్చిపెట్టుకోండి, రోజూ ఐదు ప్రదేశాలు, రెండు నిమిషాలు, అంతే.

"మీ అభిప్రాయం రాయండి" ప్రశ్నలకి పిల్లలు భయపడతారు. అభిప్రాయం ఒక వాక్యం, కారణాలు రెండు, మన ఊళ్ళో చూసిన ఉదాహరణ ఒకటి. బోరుబావులు ఎండిపోవడం గురించి అడిగితే పక్క వీధి బోరు కంటే మంచి ఉదాహరణ ఏ గైడ్‌లోనూ ఉండదు.

9. తెలుగు, ఇంగ్లీషు, హిందీ

తెలుగుకి ట్యూషన్ ఎందుకు అనుకుంటారు, తీరా చూస్తే మార్కులు పోయేది అక్కడే. వ్యాకరణం మార్కులు లెక్కల మార్కుల్లాంటివి, సరిగ్గా రాస్తే పూర్తిగా వేస్తారు.

గురులఘువుల్లో పెద్ద తప్పు ఒకటుంది. "విద్య" అనే మాటలో ఏది గురువు అంటే ఒత్తు కనిపిస్తోంది కదా అని "ద్య" అంటారు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుంది. కాబట్టి "వి" గురువు, "ద్య" లఘువు. నోటితో పలికించి చూపండి, "విద్" దగ్గర గొంతు ఎలా ఆగుతుందో వాళ్ళకే తెలుస్తుంది. ఇది సరిగ్గా వస్తే గణాలు వాటంతటవే పడతాయి: ఉత్పలమాలకి భ ర న భ భ ర వ, యతి పదో అక్షరం, చంపకమాలకి న జ భ జ జ జ ర, యతి పదకొండు.

సంధికి మూడూ రాయించండి: విడదీయడం, పేరు, సూత్రం. లేఖ అయితే స్థలం, తేదీ, సంబోధన, విషయం, ఇట్లు, చిరునామా. విషయం ఎంత బాగా రాసినా వీటిలో ఒకటి తప్పితే మార్కు తప్పుతుంది.

ఇంగ్లీషులో ఇచ్చిన పేరా చదివి జవాబు రాసే ప్రశ్నలకి ముందు ప్రశ్నలు, తర్వాత పేరా చదివించండి. లేఖలు, డైరీ, సంభాషణ వారానికొకటి రాయించండి, చిన్న వాక్యాలతో. హిందీలో భయపడే పిల్లలకి అక్షరదోషాలు తగ్గించడమే మొదటి పని, రోజూ అర పేజీ చూచిరాత.

10. మీకు రాని సబ్జెక్టు అయితే

రాదని చెప్పండి. "దీని సంగతి నాకూ తెలియదు, చూద్దాం పద" అంటే పిల్లల దగ్గర పరువేమీ పోదు. తెలిసినట్టు నటించి తప్పు చెబితే పోతుంది.

- ముందురోజు రాత్రి పాఠ్యపుస్తకం పాఠం రెండుసార్లు చదవండి, గైడ్ కాదు
- పాఠం చివరి ప్రశ్నలకి మీరే జవాబులు రాసి చూడండి, మీకెంత టైము పట్టిందో అదే గుర్తు
- సందేహం ఉంటే స్కూల్ సబ్జెక్టు టీచర్‌ని అడిగి రమ్మని పిల్లాణ్ణే పంపండి
- స్కూల్లో చెప్పినదానికీ మీరు చెప్పినదానికీ తేడా వస్తే, పుస్తకం తెరిచి ఇద్దరిలో ఎవరు కరెక్టో పిల్లాడి ముందే తేల్చండి

11. దిద్దడం

తప్పు దగ్గర సరైన జవాబు మీరు రాసేయకండి. తప్పు కింద గీత, పక్కన ఒక గుర్తు చాలు: ప్రశ్న తప్పు చదివితే "ప్ర", పాయింటు పోతే "పా", అక్షరదోషానికి సున్నా, ప్రమాణం మర్చిపోతే "మీ?" అని. ఏం తప్పో వాడే కనిపెట్టి పెన్సిల్‌తో సరిచెయ్యాలి. నెలాఖరుకి ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఒకబ్బాయికి నెలలో "ప్ర" పంతొమ్మిదిసార్లు వచ్చింది, వాడికి పాఠాలన్నీ వచ్చు. ఆ కాగితం వాళ్ళ నాన్నగారికి చూపించాకే "ఇంకో ట్యూషన్ పెట్టాలా" అనే టెన్షన్ తగ్గింది.

12. తరచూ వచ్చే ఇబ్బందులు, వాటికి మందు

*బట్టీ కొడతాడు, మొదటి మాట మర్చిపోతే మొత్తం పోతుంది.* పాయింట్లని కిందినుంచి పైకి చెప్పించండి. వరస తిరగేసినా చెప్పగలిగితే అర్థమైనట్టే.

*చేతిరాత చదవలేం.* అక్షరాలు మార్చే టైము లేదు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ, జవాబుకీ జవాబుకీ మధ్య రెండు వరసలు. ఇది ఒక్కటి చేయించినా పేపర్ చదవడానికి వీలుగా ఉంటుంది.

*కొట్టివేతలు.* ఒక్క అడ్డగీత చాలు. నల్లగా రుద్దితే పేజీ పాడు, టైము పాడు.

*బ్యాచ్‌లో ఒకరు చెబితే అందరూ తలూపుతారు.* చెప్పడం ఆపి అందరూ రాయాలి, చివర్లో పుస్తకాలు మార్చుకుని ఒకరిది ఒకరు దిద్దాలి. పక్కవాడి తప్పులు పట్టడంలో పిల్లలు మనకంటే చురుకు.

13. చివరి పది రోజులు

కొత్త పాఠం మొదలుపెట్టకండి. రోజు విడిచి రోజు పూర్తి పేపర్, అసలు పరీక్ష జరిగే టైములోనే, ఉదయం తొమ్మిదిన్నరకి. ఇంట్లో సోఫాలో కాదు, బల్ల మీద, ఫోన్ వేరే గదిలో. మధ్య రోజు ఆ పేపర్ దిద్దుకోవడమే పని.

ముందురోజు సాయంత్రం సంచిలో చూసుకోవాల్సినవి:

- హాల్ టికెట్
- రాసి చూసిన పెన్నులు రెండు, కొత్తవి వద్దు
- పెన్సిల్, రబ్బరు, షార్ప్‌నర్, స్కేలు, జామెట్రీ బాక్సు
- అట్ట, వాచీ (స్మార్ట్ వాచీ కాదు)
- నీళ్ళ సీసా

పరీక్ష అయ్యాక పిల్లాడు ప్రశ్నపత్రం పట్టుకుని మీ దగ్గరికే వస్తాడు, "ఇది కరెక్టేనా సార్" అంటూ. తీసుకుని సొరుగులో పెట్టేయండి. పరీక్షలన్నీ అయ్యాక చూద్దామని చెప్పి, రేపటి సబ్జెక్టు పాయింట్ల కాగితం చేతిలో పెట్టి ఇంటికి పంపండి.